గవరమ్మ చూసిన జూలు కోతులు

అనగనగా ఎండ మొహం ఎరగని వానల అడవి ఒకటి, ఆ అడవికి ఇవతల ఊరు ఒకటి. ఆ ఊళ్ళో గవరమ్మ అని ఒక ముసలమ్మ. పసిపిల్లప్పుడు వాళ్ళ నాన్న ఆమెని భుజాన ఎక్కించుకుని ఆ అడవి దాటాడట. దారిలో కోతుల్ని చూసింది. మన కోతులు కావర్రా! ఒళ్ళంతా కాటుక నలుపు, మొహం చుట్టూ తెల్లటి జూలు, తోక చివర సింహానికున్నట్టు కుచ్చు.

ఊ కొడుతున్నారా? కొట్టకపోతే కోతులు రావు మరి.

పెళ్ళై వచ్చాక మొగుడికి చెప్తే నవ్వాడు. అమ్మలక్కలు నవ్వారు. కడుపున పుట్టిన ఎర్నాయుడు కూడా, కోతికి జూలేమిటే అమ్మా అని నవ్వాడు. ఊళ్ళో ఎవరు అబద్ధమాడినా అది గవరమ్మ కోతేలే అనేవారు. అందరూ అనగా అనగా ఆమెకే అనుమానం వచ్చేసింది. ఈలోగా కళ్ళకి పొర కమ్మింది. చూపు పోయేలోగా ఒక్కసారి మళ్ళీ చూడాలి, నాన్న భుజం మీద చూసింది కలో నిజమో తేలాలి. అదీ ఆమె దిగులు.

కోడలు పైడమ్మ చురుకైంది. అత్తని బండెక్కించింది, మొగుణ్ణి తోలమంది. అడవి అంచున బండి ఆపి ముగ్గురూ లోపలికి నడిచారు.

ఎర్నాయుడు ఏం చేశాడూ? గుడి దగ్గర కోతుల్ని పిలిచినట్టే అరటి గెల ఎత్తి పట్టుకుని, రా రా అని కేకలేశాడు. పండుకి పక్షి వచ్చింది, పక్షి వెనక ఉడత వచ్చింది, ఉడత వెనక చీమ వచ్చింది, చీమ వచ్చి అతని కాలు కుట్టింది. కోతి మాత్రం రాలేదు.

"ఆ రోజు మీ నాన్న ఏం చేశాడత్తా?" అంది పైడమ్మ.

"ఏం చెయ్యలేదే. పనస చెట్టు కింద, మాటా పలుకూ లేకుండా కూచున్నాడు."

వీళ్ళూ పనస చెట్టు వెతుక్కుని అలాగే కూచున్నారు. మొగుడి నోరు ఊరుకోదు కదా, పైడమ్మ గెలలో పళ్ళు ఒకటొకటే వలిచి అతని నోట్లోనే పెట్టింది. నవ్వకండర్రా, కోతులు పారిపోతాయి!

ఓ వాన కురిసి వెలిసింది. పైన ఆకులు కదిలాయి. పనస తొక్క టప్పున ఎర్నాయుడి నెత్తిన పడింది. తలెత్తాడు. నోట్లో పండు నోట్లోనే ఉండిపోయింది.

"అమ్మా, ఉన్నాయే!" అన్నాడు గుసగుసగా.

గవరమ్మకి కొమ్మల నలుపు తప్ప ఏమీ ఆనలేదు. నాకు ప్రాప్తం లేదురా అని కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు ఎర్నాయుడు వంగి, తల్లిని పసిపిల్లని ఎత్తినట్టు భుజాన ఎక్కించుకుని మెల్లగా లేచాడు. ఆ నలుపులోంచి ఒక మొహం వంగి చూసింది, చుట్టూ తెల్లటి జూలుతో, మబ్బు తొలగిన చందమామలా.

"అవేరా, అవే," అంది గవరమ్మ, కొడుకు జుట్టు గుప్పిట పట్టుకుని. ఆనాడు నాన్న జుట్టూ అలాగే పట్టుకుందట.

ఆ తర్వాత ఆ ఊళ్ళో ఎవరు నిజం చెప్పినా, ఇది గవరమ్మ కోతంత నిజం అనేవారు. అందుకే పెద్దవాళ్ళ మాట అబద్ధమనే ముందు, ఒక్కసారి వాళ్ళని భుజానెత్తుకుని చూడాలర్రా.

కథేమో కంచి దారి పట్టింది. మనమేమో దుప్పట్లోకి.