ఎగువ కొండ మబ్బు

ఎండాకాలం చివరి రోజులు. ఎర్రవాగులో ఇసుక తప్ప నీళ్లు లేవు. గట్టుమీద, చాకిరేవు పక్కన ఒక తల్లి గాడిద ఉండేది. కిందటేడు ఈ వాగే దాని పెద్దపిల్లను తీసుకుపోయింది. ఆ రోజూ రేవులో ఎండే కాసింది. అప్పటినుంచి గాడిద మాట తగ్గించింది. మిగిలిన పిల్లను ఇసుకలో కాలు పెట్టనివ్వదు.

సంతరోజు వచ్చిందంటే నక్క వాగులోని బండరాయి ఎక్కి ఆ వారం వాతావరణం చెప్పేది.

"ఈ వారం ఆకాశం అద్దమే. చినుకు పడితే నా తోక కోసుకోండి," అంది ఆ సంతరోజున. "ఈ వేడిలో పిల్లల్ని గట్టుమీద ఎందుకు మాడుస్తారు? ఇసుకలో చల్లగా పడుకోబెట్టండి."

గట్టుమీద గొర్రెల కాపరి కుక్కలు తిరుగుతాయి. ఇసుకలోకి దిగవు. ఆ ముక్క నక్క చెప్పలేదు.

"నిజమే నక్క బావా," అంది మేక. "నా కవలలకు కునుకే లేదు."

"దించకు వదినా," అంది గాడిద. "ఎగువ కొండమీద మబ్బు కడుతోంది."

నక్క నవ్వింది. "నెత్తిమీద చూడక్కా, తునకైనా ఉందా? గాడిదకేం తెలుసు గంధపుపొడి వాసన అని ఊరికే అన్నారా?"

గేదె నెమరు ఆపింది. "కొండ మబ్బుకు మనతో ఏం పని?"

"మబ్బుకు లేదు, వాగుకుంది. ఇది పుట్టింది అక్కడే," అంది గాడిద.

"అసలు మబ్బంటే ఏంటి గాడిదక్కా?" అని గేదె మళ్లీ అడిగింది.

"రేవులో బట్టల బాన ఉడకడం చూశావుగా. నీళ్లు ఆవిరై లేస్తాయి. చల్లటి మూత తగిలితే చుక్కలై కారతాయి. ఎండకు చెరువులూ సముద్రమూ అట్లాగే ఆవిరి విడుస్తాయి. గాలి దాన్ని కొండమీదికి తోస్తుంది. పైకెక్కేకొద్దీ చల్లబడి, దుమ్ము రేణువుల్ని పట్టుకుని మబ్బవుతుంది. బరువెక్కితే కురుస్తుంది. నాలుగు రోజులుగా గాలి తడిగా వీస్తోంది, కొండవైపే పోతోంది."

"ఇంతా చేసి మబ్బంటే బట్టల బాన ఆవిరేనా?" అని మేక నవ్వింది. మిగతావీ నవ్వాయి.

గాడిద నవ్వలేదు. "సరే బావా. నీ మాటమీద నీకు నమ్మకముంటే ఈ వారం నువ్వే ఇసుకలో పడుకో. క్షేమంగా ఉంటే వచ్చే సంతకు నా పిల్లతో సహా అందరి పిల్లల్నీ నేనే దించుతా."

అన్నీ నక్కవైపు చూశాయి. ఒక్క వారం ఓర్చుకుంటే అన్ని పిల్లలు. నక్క మూతి నాక్కుంది. "అదెంత పని?"

నక్క వాగు నడుమ పడుకుంది. రోజూ పిలిచేది. "ఎంత చల్లగా ఉందో మేక వదినా. పిల్లల్నైనా పంపు."

మూడోనాటికి మేక మనసు జారింది. కవలల్ని తీసుకుని రేవు దారి పట్టింది. గాడిద అడ్డంగా నిలబడింది.

"పక్కకు జరుగక్కా. నీకొకసారి జరిగిందని మమ్మల్నందర్నీ భయపెడతావా?"

గాడిద ఒకసారి ఇసుకవైపు చూసింది. అయినా కదల్లేదు. "నన్ను తొక్కి పో."

మేక విసుక్కుంటూ వెనక్కి మళ్లింది.

ఆ మధ్యాహ్నం కొండమీద మబ్బులు ఒకదానిమీదొకటి ఎక్కి, అడుగున నల్లబడ్డాయి. ఇక్కడ ఫెళ్లున ఎండ. నక్క వెల్లకిలా పడుకుని నడినెత్తి ఆకాశాన్నే చూస్తోంది. "చూశారా? అద్దం."

ముందు గాలిలో మట్టివాసన వచ్చింది. ఆ వెనకే హోరు. తలెత్తేసరికి ఎర్రటి నీళ్లు మలుపు తిరిగాయి. నక్క మూడు మునకలు వేసింది. కొట్టుకుపోతూ ఒడ్డున వంగిన తుమ్మకొమ్మను కరుచుకుని, ముళ్లన్నీ గుచ్చుకుంటూ పైకి పాకింది. గట్టుమీద కుక్కలు చెట్టు మొదట్లో చేరి మొరిగాయి.

"నవ్విన నాపచేనే పండింది," అంది గేదె.

మేక కవలల్ని పొదువుకుంది. తర్వాత తల పైకెత్తింది. "నక్క బావా, వచ్చే వారం ఎట్లా ఉంటుందో చెప్పవూ?"

"నేను చెప్పింది తప్పలేదు," అని మూలిగింది నక్క. "ఇక్కడ చినుకు పడలేదుగా."

"పడలేదు బావా," అంది గాడిద, పిల్ల చెవి నాకుతూ. "మునిగావంతే."

వాగులో నిలిచేవాడు నెత్తిమీది ఎండను కాదు, ఎగువ కొండను చూడాలి.