అడుగు లేని బుట్ట

అనగనగా ఒక అడవిలో వాగుకి ఇవతల కోతులు, అవతల కొండముచ్చులు ఉండేవి. రెండు జట్లకీ ఆటే బతుకుతెరువు. టేకుకొమ్మకి బుట్ట కట్టి, అందులోకి వెలక్కాయ విసరడం ఆట. కాయ పడినప్పుడల్లా ఒకరు చెట్టెక్కి తీసేవారు. చూడవచ్చిన జంతువులు తెచ్చే పళ్ళే వాటి కూడు. ఏడాదికోసారి జరిగే పెద్ద పోటీలో ఓడిన జట్టు మరుసటి ఏటికి కొత్త బుట్ట అల్లాలి.

ఏటా కోతులే అల్లేవి. వాటి పెద్ద మంగికి అల్లీ అల్లీ వేళ్ళు కాయలు కాచిపోయాయి. ఈ ఒక్క ఏడన్నా గెలవాలని దాని ఆశ.

పోటీ రోజున వాగు పొంగింది. కొండముచ్చులు రాలేదు.

"ఎండ ఆ బండ మీదికి వచ్చేలోగా రాకపోతే గెలుపు మీదే," అన్నాడు తీర్పు చెప్పే ఎలుగుబంటి తాత. ఆయనకి కాస్త చెవుడు.

మంగి వాగు ఒడ్డుకి వెళ్ళి చూసింది. అవతల నుంచి నల్లబ్బి కేక వినపడింది. కొండముచ్చులకి వాడే పెద్ద.

"మంగక్కా, దాటలేకపోతున్నాం."

మంగి విననట్టు ఊరుకుంది. రెండోసారి కేకేశాడు. మంగి తన వేళ్ళు చూసుకుంది. మూడో కేక నీరసంగా వచ్చింది.

కుడిచేత్తో విసిరితే నల్లబ్బి ఎప్పుడూ అడ్డుకునేవాడు. వాడి మీద పంతంతోనే మంగి ఏడాదంతా ఎడమచెయ్యి సాధన చేసింది. ఇప్పుడు వాడే లేకపోతే ఆ చెయ్యి ఎవరికి చూపించాలి?

"తాతా, వాళ్ళొచ్చారు. అవతల ఒడ్డున ఉన్నారు," అని వెనక్కి వచ్చి గట్టిగా చెప్పింది.

"నీకేమైనా పిచ్చా అక్కా? మళ్ళీ మనమే అల్లాలి," అని గొణిగింది ఓ కోతి.

"అల్లడం వచ్చు కదా, ముందు తాడు పేను."

కోతులు తీగలు పేని తాడు విసిరాయి. ఎండ బండ మీదికి రాకముందే కొండముచ్చులు దాన్ని పట్టుకుని దాటాయి.

"దాటించావని మొహమాటానికి ఓడిపోతాననుకోకు," అన్నాడు నల్లబ్బి ఒళ్ళు విదిలించుకుంటూ.

"అలా ఆడితే మళ్ళీ వాగులోకి తోసేస్తా," అంది మంగి.

ఆట చివరిదాకా సరిసమానంగా సాగింది. ఆఖరి కాయ మంగి చేతికొచ్చింది. నల్లబ్బి కుడివైపు అడ్డం నిలిచాడు. మంగి ఎడమచేత్తో విసిరింది. కాయ బుట్టలో పడింది.

"ఆ చెయ్యి ఎవరు నేర్పారక్కా?"

"నువ్వేరా."

మర్నాడు నల్లబ్బి బుట్ట అల్లడానికి కూర్చున్నాడు. ఎప్పుడూ అల్లి ఎరగడు కదా, అడుగు అల్లడం మర్చిపోయాడు. కోతులు పడీపడీ నవ్వాయి. మంగి దాన్ని కొమ్మకి కట్టి, కాయ విసిరి చూసింది. కాయ బుట్టలోంచి జారి కిందికే వచ్చేసింది. ఇక చెట్టెక్కే పనే లేదు.

"బాగుందిరా, ఇలాగే ఉంచు," అంది మంగి. "వచ్చే ఏడూ నువ్వే అల్లాలి, గుర్తుపెట్టుకో."

"చూద్దాంలే అక్కా," అంటూ నల్లబ్బి కాయ అందుకుని, ఎడమచేత్తో విసరడం మొదలుపెట్టాడు.

నీతి: పోటీదారుణ్ణి ఆటలో గెలవాలి గానీ ఆటకి రాకుండా చేసి కాదు, మన ఆటకి పదును పెట్టేది వాడే.