చుక్కమ్మ గట్టు, గ్లాసుల గోడ

మా విశ్వవిద్యాలయంలో క్యాంటీను వెనుక మోకాలెత్తు గట్టు ఒకటి ఉంది. దానిపై తెల్లని మచ్చ గల నల్లరాయి వెలసి ఉంది. పక్క గోడ నిండా మేకులు. వాటికి స్టీలు గ్లాసులు, పింగాణీ కప్పులు, చొట్టలు పడిన లోటాలు వేలాడుతుంటాయి. ఇక్కడ టీ కోరేవారు తమ పాత్ర తామే తెచ్చుకోవాలి. మరచినవారికి టీ లేదు. ఉపకులపతులకైనా ఇదే నియమం.

పూర్వం ఇక్కడ వాడి పారేసిన కాగితపు కప్పుల గుట్ట ఉండేది. తీపి వాసనకు పశువులు చేరేవి. దిగువ ఊరి పోలయ్యకు నుదుట తెల్ల చుక్క గల చుక్కమ్మ అనే గేదె ఒక్కటే జీవనాధారం. చూడుతో ఉన్న ఆ గేదె కప్పులు మేసి, పొట్ట ఉబ్బి ఇక్కడే కూలబడింది. పశువైద్యులు పొట్ట కోసి ముద్దలు ముద్దలుగా కప్పులు తీశారు. అప్పటికే ఆలస్యమైంది. తల్లీ దక్కలేదు, దూడా దక్కలేదు.

సంతాప సభ జరిగింది. వృక్షశాస్త్ర ఆచార్యులు శేషావతారం గారు పర్యావరణంపై ప్రసంగించి, అందరిచేత ప్రతిజ్ఞ చేయించారు. అనంతరం అలవాటు చొప్పున టీ ఇచ్చారు, కాగితపు కప్పులలోనే. పోలయ్య కప్పు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

“తాగవేమయ్యా?” అన్నారు ఆచార్యులు.

“తాగుతాను బాబూ. తాగినాక దీన్ని ఎక్కడ పారెయ్యమంటారు?”

మర్నాడు తెల్లవారుజామున చుక్కమ్మ ఆచార్యులకు కలలో కనిపించి, “నా పేర ప్రతిజ్ఞలు వద్దు. నీ గ్లాసు నీవు కడుక్కో” అని ఆనతిచ్చిందట.

ఉదయమే ఆయన ఇంటి నుంచి గ్లాసు తెచ్చారు. క్యాంటీను నడిపే దానమ్మ, “మిగతావాళ్లవి ఎవరు కడుగుతారు సార్?” అంది.

“ఎవరిది వారే.”

“మన పిల్లలా? ముందు మొహాలు కడుక్కోమనండి.”

ఆయన తాగి, కడిగి, గోడకు మేకు కొట్టి గ్లాసు తగిలించారు. చాలాకాలం ఆ గోడపై అదొక్కటే గ్లాసు. పిల్లలు ‘గ్లాసు మాస్టారు’ అని నవ్వేవారు. ఆయన వాదించలేదు, అలసిపోయారు, అయినా మానలేదు. ఎప్పటికో పక్కన రెండో మేకు పడింది.

నేటికీ గ్లాసు కడిగిన తొలి నీటిని రాతిపై పోయడం ఆచారం. ఏటా కొత్త విద్యార్థులు వస్తారు. ఏటా మొదటినుంచి చెప్పాలి. చెప్పి చెప్పి మాకు విసుగు రాలేదనలేము. ఈ నియమం పాటిస్తే ఉద్యోగప్రాప్తి కలుగుతుందని కూడా మేము చెప్పము. గోడ అవతల పోలయ్య మనుమరాలి గేదెలు మేస్తుంటాయి. సాయంత్రానికి అవి తమ కాళ్లపై తాము నడిచి ఇల్లు చేరుతున్నాయి. ఈ స్థలం ఇచ్చే ఫలం అంతే.