గేర్‌బాక్సు చేసిన తప్పు

"మాట మీద నిలబడటం కూడా తప్పేనా మేస్త్రీ?" అని అంకమ్మరావు అడిగిననాడు కాలేషా మేస్త్రి అలవాటు ప్రకారం జవాబు చెప్పలేదు. గుంటూరు ఆటోనగర్లో ఆయన దగ్గర పని నేర్చినవాళ్లందరికీ తెలిసిన సంగతే, ప్రశ్న అడిగితే ఆయన ఏదో ఒక పని చూపిస్తాడు.

అంకమ్మరావు పాతికేళ్లుగా ఆయనకు శిష్యుడు. కొడుకు డీజిల్ పని వదిలి బ్యాటరీ ఆటోల షోరూములో చేరాడన్న కోపంతో, ఇక వాడితో మాట్లాడేది లేదని ఒట్టు పెట్టుకున్నాడు. కొడుకూ తండ్రికి తీసిపోయినవాడు కాదు. నాలుగు నెలలుగా ఒకే ఇంట్లో ఉంటూ "నీ కొడుక్కి చెప్పు" అని ఒకరు, "నాన్నకు చెప్పు" అని ఇంకొకరు. ఇద్దరి మాటలూ మోసేది అంకమ్మరావు భార్య రామతులసి. ఆ ఇల్లాలికి ఈ మధ్య చేతులు వణుకుతున్నాయనీ, డాక్టరు నిద్రమాత్రలు రాశాడనీ కూడా అంకమ్మరావే చెప్పాడు, అదేదో వేరే సంగతన్నట్టు.

అప్పుడు షెడ్డులో డెబ్బై ఏళ్ల నాటి కారొకటి ఉంది. దాని యజమాని, ఓ పత్తి వ్యాపారి, ముచ్చటపడి దానికి రెట్టింపు బలమున్న ఇంజను వేయించాడు. ఆ దెబ్బకు వెనక చక్రాలను తిప్పే యాక్సిల్ రెండుసార్లు విరిగింది. "గట్టిది వెయ్యి," అన్నాడు మేస్త్రి. అంకమ్మరావు ఓ జీపు యాక్సిల్ తెచ్చి, కారు వెడల్పుకు కోసి, అతికించి, వారం రోజుల్లో బిగించాడు. వంక పెట్టడానికి లేని పని. "ఇక ఇది విరగదు మేస్త్రీ," అన్నాడు.

విరగలేదు. బైపాసు రోడ్డు మీద నడిపి చూస్తూ యాక్సిలరేటరు మూడోసారి గట్టిగా తొక్కేసరికి కారు కింద ఫెళ్లుమంది. చూస్తే ఇంజను భేషుగ్గా ఉంది, కొత్త యాక్సిల్ చెక్కుచెదరలేదు. ఆ రెంటి మధ్యనున్న గేర్‌బాక్సు మాత్రం పగిలి నూనె కారుస్తోంది.

"ఇదేం తప్పు చేసింది మేస్త్రీ?"

"ఏం చెయ్యలా. ముందుదీ తగ్గలా, వెనకదీ తగ్గలా."

అలాంటి గేర్‌బాక్సు ఇంకొకటి వెతికి తెచ్చేసరికి నెల పట్టింది. ఆ నెలంతా అంకమ్మరావు ఇంట్లో అదే తంతు. బిగించేరోజున, గేర్‌బాక్సునూ, అక్కణ్ణుంచి యాక్సిల్‌కు పోయే షాఫ్టునూ కలిపేచోట వెయ్యమని మేస్త్రి సన్నపాటి జాయింటు అందించాడు.

"ఇది విరుగుద్ది గదా!"

"విరగటానికే. అది పోతే మార్చటం గంట పని, గేర్‌బాక్సు మిగులుద్ది. షాఫ్టు రోడ్డు మీద పడకుండా కింద ఇనప కడియం పెట్టు, చాలు."

అంకమ్మరావు కారు కింద పడుకుని బోల్టులు బిగిస్తూ బిగిస్తూ ఆగిపోయాడు. పొద్దున వడ్డిస్తుంటే రామతులసి చేతిలో గరిటె కంచానికి తగిలి గణగణలాడటం, తాను విసుక్కోవడం గుర్తొచ్చాయి. సిగ్గేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. బయటికొచ్చి చేతుల మసి తుడుచుకుని ఇంటికి ఫోను చేశాడు.

"తులసీ, ఇయ్యాల ముగ్గురం కలిసి తిందాం. నీ కొడుక్కి చెప్పు..."

కాలేషా మేస్త్రి తల ఎత్తకుండానే అన్నాడు: "మళ్లీ గేర్‌బాక్సు మీదకే తోస్తన్నావేందయ్యా?"