ఎండిన చెలమకు కాపలా

గుండ్లవాగులో నీళ్లు పైకి కనిపించేది వానాకాలం మూడు నెలలే. తక్కిన కాలమంతా అవి ఇసక కిందికి దిగిపోతాయి. అప్పుడు ఆ అడవి దాహం తీరేది చెలమలతోనే. ఇసకలో గుంట తవ్వితే అడుగున నీళ్లు ఊరతాయి చూడండి, అదే చెలమ. తవ్వే పని అడవిపందులది. పొద్దు నడినెత్తికి వచ్చేలోపు ముట్టెలతో నాలుగైదు గుంటలు తవ్విపడేసేవి. అడవిదున్నలకు ఆ పని చేతకాదు. డెక్కతో గీకితే గీకినంత ఇసకా మళ్లీ లోపలికే జారుతుంది. కానీ దున్నలు గట్టున నిలబడ్డాయంటే రేచుకుక్కల గుంపు ఆ చుట్టుపక్కలకు రాదు. అందుకని పందులు తవ్వేవి, దున్నలు వెనక గుట్ట వైపు తిరిగి కాపు కాసేవి, అందరూ తాగేవారు. ఈ ఏర్పాటుకు ఎవరూ పేరు పెట్టలేదు. దాని గురించి ఎవరూ ఉపన్యాసాలూ ఇవ్వలేదు.

ఆ వాగు నడుమ గులకరాళ్ల మిట్ట మీద తీతువు పిట్ట తీతమ్మ నాలుగు గుడ్లు పెట్టింది. గూడంటే పుల్లా పుడకా ఏమీ లేవు, రాళ్ల మధ్య చిన్న పల్లం, అంతే. గుడ్లు కూడా రాళ్ల రంగులోనే ఉంటాయి గనక ఎవరి కంటా పడవు. అయితే రోహిణి కార్తె ఎండకు ఆ రాళ్లు పెనంలా కాలతాయి. మాటిమాటికీ చెలమకు పోయి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చోవాలి. ఆ తడి అందకపోతే గుడ్డులో పిల్ల గుడ్డులోనే ఉడికిపోతుంది.

తీతమ్మ ఒక్క విడత కూడా తప్పించేది కాదు. ఈకలు సరిగా తడిశాయో లేదో అని సగం దారిలోంచి వెనక్కి తిరిగి మళ్లీ మునిగి వచ్చేది. ఆమె వచ్చేదాకా మొగుడు ఎర్రన్న ముక్కు తెరుచుకుని రొప్పుతూ గుడ్లకు నీడ పట్టేవాడు.

"నీళ్లకు పోయావా, వాగునే మోసుకొస్తున్నావా?" అని వేళాకోళం చేసేవాడు.

"నోరు మూసుకుని లే. మూడో గుడ్డు అటు తిప్పావా, లేదా?"

ఇలా సాగుతుండగా ఒకరోజు పందుల పెద్ద కోరయ్య కోరల మధ్య వేరు ముక్క ఇరుక్కుంది. దాన్ని వదిలించుకోడానికి ఒక బండకు కోరలు రాసుకున్నాడు. అది పొదలోంచి నక్క పానకాలు చూశాడు. చూసి, నేరుగా దున్నల పెద్ద వీరన్న దగ్గరికి పోయాడు.

"దొరా, నాకెందుకు గానీ, కోరయ్య కోరలు నూరుతున్నాడు."

"దురద పెట్టి ఉంటుందిలే."

"దురదకు చెట్టు చాలదూ? రాయెందుకు దొరా?"

వీరన్న నెమరు వేయడం ఆపాడు.

"యుద్ధం చెయ్యమని నేననను," అన్నాడు పానకాలు రెండు చెవులూ పట్టుకుని. "రామ రామ! నాకు కావలసింది శాంతి. నీ కొమ్ములు కాసిని గట్టు మీద వరసగా కనబడితే చాలు, వాడు జడుసుకుని తన పని తాను చూసుకుంటాడు. నువ్వూ హాయిగా ఉంటావు, వాడూ హాయిగా ఉంటాడు."

మర్నాడు పడమటి గట్టు మీద పది దున్నలు వాగు వైపు తిరిగి నిలబడ్డాయి. పానకాలు తూర్పు గట్టుకు పోయి, "కోరయ్య బాబాయ్, పది జతల కొమ్ములు నీ పిల్లల వైపే చూస్తున్నాయి, గమనించావా?" అన్నాడు. ఆ పూటే ఇరవై పందులు కోరలు పైకెత్తి నిలబడ్డాయి. అది చూసి దున్నలు ముప్పై అయ్యాయి. వారం తిరిగేసరికి రెండు గట్ల మీదా తిరిగే కాలు లేదు, అంతా నిలబడ్డ కాళ్లే.

పందులన్నీ కాపలాలో ఉంటే ఇక తవ్వేదెవరు? దున్నలన్నీ పందుల్ని చూస్తూ ఉంటే గుట్ట వైపు చూసేదెవరు? చెలమలు గాలికి పూడుకుపోసాగాయి. ఆ పూడే గుంటల చుట్టూ, అవతలివాళ్లు తాగేస్తారేమోనని కాపలా మాత్రం రోజురోజుకూ పెరిగింది.

తీతమ్మ చెలమ దగ్గర వాలేసరికి ఒక కుర్ర దున్న కొమ్ము అడ్డం పెట్టింది.

"ఆగు! ఏ గట్టు నీది?"

"ఒరే, నువ్వు పుట్టిన రోజున రేచుకుక్కలొస్తే అరిచి మీ అమ్మను లేపింది నేనేరా."

"అదంతా నాకు తెలీదు. ఏ గట్టు?"

"ఏ గట్టూ కాదు. నడుమ మిట్ట మీద ఉంటాను."

"నడుమంటే వాళ్ల వైపున్నట్టే. పో!"

అటు పోతే పందులూ అదే మాట అన్నాయి. తీతమ్మ పొడి పొట్టతో తిరిగి వచ్చింది. ఎర్రన్న ఆమె ఈకల వంక చూశాడు. వేళాకోళం చెయ్యలేదు. లేచి, పక్కకు జరిగి, ఎండకు అడ్డంగా రెక్క చాపి నిలబడ్డాడు.

అంతే, ఆమె ఒళ్లు మండిపోయింది. ఎగిరిపోయి వీరన్న ముక్కు ముందు వాలింది.

"మావా, చెలమలు పూడిపోయాయి. పందుల్ని తవ్వనీ. నీ వాళ్లను పక్కకు తప్పించు."

"తప్పిస్తే వాళ్లు మీద పడతారమ్మాయ్. ఇవాళ శాంతి ఉందంటే ఈ కొమ్ముల వల్లే. ఇన్ని రోజుల్లో ఒక్క దెబ్బ పడిందా చెప్పు?"

"దెబ్బా పడలేదు, చెలమలో నీళ్లూ పడలేదు."

"కొమ్ములే లేకపోతే రేచుకుక్కలు మన దూడల్ని బతకనిచ్చేవా?"

"ఇచ్చేవి కావు. కొమ్ములు వద్దని నేనన్నానా? రేచుకుక్కలు వచ్చేది వెనక గుట్ట నుంచి మావా. నీ కొమ్ములన్నీ కోరయ్య మొహం మీద ఉన్నాయి. నిన్న నీ మందలో దూడ ఒకటి కనబడలేదని విన్నాను."

"పందులు ఎత్తుకుపోయాయి. పానకాలు కళ్లారా చూశాడట."

"పంది దూడను నోట కరుచుకుపోవడం నీ జన్మలో చూశావా?"

వీరన్న కాసేపు ఆలోచించాడు. "అందుకేగా, ఇంకో పదిమందిని పెట్టాను," అన్నాడు.

ఆ గొడవకు పానకాలు తోక ఊపుకుంటూ వచ్చాడు. "తల్లీ తీతమ్మా, నీ బాధ నాకు తెలీదా? నేనూ పిల్లలున్నవాణ్ణే. కానీ శాంతి ఊరికే రాదమ్మా. అందరూ తలా కాస్త ఓర్చుకోవాలి."

"ఎవరి గుడ్లు ఓర్చుకోవాలి? నీవా?"

ఇంకా నాలుగు మాటలు అనబోయి తీతమ్మ ఆగింది. అడవంతా నాలుకలు పిడచకట్టుకుపోయి తిరుగుతుంటే ఈయన మీసాల చివర నీటిబొట్టు మెరుస్తోంది.

ఆమె ఎగిరి, ఇసకలో అతని అడుగుజాడలు పట్టుకుని పోయింది. వాగు మలుపు తిరిగే చోట పెద్ద బండ ఉంది. దాని వెనక నిండు చెలమ ఒకటి ఉంది, అంచులు చక్కగా సర్ది, ఎండ తగలకుండా కొమ్మలు కప్పి. పక్కన దూడ డెక్క ఒకటి. ఇంకాస్త అవతల పందిపిల్లల చెవులు, మూడు. ఒకటి అంచున చీలి ఉంది.

 తీతమ్మ ముందు పొట్ట ముంచుకుంది. ఒకసారి బయటికొచ్చి, చాలలేదని మళ్లీ ముంచుకుని, గూటికి పరుగు తీసింది.

పిల్లలు బయటికొచ్చే రోజులు దగ్గరపడ్డాయి. గుడ్డుకు చెవి ఆనిస్తే లోపల టిక్కుటిక్కుమని వినబడుతుంది. ఆమె ఒక్కో గుడ్డు దగ్గరా వంగి, మెల్లగా పిలిచింది. మూడు పలికాయి. నాలుగోది పలకలేదు. మళ్లీ పిలిచింది. ఎర్రన్న కూడా పిలిచాడు. పలకలేదు.

"ఇంకా నిద్రలో ఉందేమో," అన్నాడు ఎర్రన్న, ఆమె వైపు చూడకుండా.

 తీతమ్మ తక్కిన మూడింటినీ తడి ఈకల కిందికి లాక్కుంది. మళ్లీ తడి తెద్దామని మలుపు దగ్గరికి వెళ్లేసరికి పానకాలు చెలమ అంచున పడుకుని ఉన్నాడు. ఆమెను చూసి నవ్వి, పెదాలు నాక్కున్నాడు. సంగతంతా చెబుదామని రెండు గట్లకూ పోయింది. "శత్రువు పంపిన పిట్ట" అని వీళ్లూ వాళ్లూ ఒకే గొంతుతో తరిమారు. ఆ ఒక్క విషయంలో మాత్రం రెండు గట్లకూ మంచి పొత్తు కుదిరింది.

"రేపు నడిపొద్దున వాగులో శాంతి సభట," అన్నాడు ఎర్రన్న. "పానకాలు మాట్లాడతాడట."

"మాట్లాడనీ. వాడు అక్కడున్నంతసేపూ వాడి చెలమకు కాపలా ఉండదు."

"తడుపుకుని వచ్చెయ్. మనకు చాలు, ఇక ఎవరి జోలికీ పోకు."

"వచ్చేస్తే? రేపు ఈ మూడూ బయటికొచ్చి నడవాల్సింది ఈ ఇసక మీదే, ఆ కాళ్ల మధ్యే. తాగాల్సింది ఈ వాగులోనే. ఎక్కడికి తీసుకుపోతావు వాటిని?"

మర్నాడు నడిపొద్దున రెండు సేనలూ వాగులోకి దిగాయి. మధ్యలో ఇసక దిబ్బ మీద నిలబడి పానకాలు గొంతు సవరించుకున్నాడు.

"సోదరులారా! ఈ పద్దెనిమిది రోజుల శాంతిని మనకు ఎవరిచ్చారు? మీ కోరలూ కొమ్ములే ఇచ్చాయి! అవి రెట్టింపైతే శాంతి కూడా రెట్టింపు..."

అప్పుడే తీతమ్మ అతని కాళ్ల ముందు వాలింది. పొట్ట నుంచి నీళ్లు కారుతున్నాయి. కుడి రెక్క విరిగినట్టు నేల మీద ఈడుస్తోంది. గూటి వైపు వచ్చేవాళ్లను దారి మళ్లించడానికి తీతువులు తరతరాలుగా ఆడే నాటకం అది. పానకాలుకు ఆ సంగతి తెలీక కాదు. కానీ తడి పొట్ట చూడగానే అదంతా మరిచిపోయాడు. ఇది నోరు విప్పితే? ఎవరైనా ఆ తడి ఎక్కడిదని అడిగితే?

"శాంతి అంటే..." అంటూ ఒక్క దూకు దూకాడు.

తీతమ్మ బారెడు దూరం దొర్లింది. మళ్లీ దూకాడు. మళ్లీ దొర్లింది. అలా దొర్లుతూ, కుంటుతూ, అందినట్టే అంది అందకుండా మలుపు వైపు లాక్కుపోయింది. ఒకసారి అతని పళ్లు ఆమె తోక ఈకలు రెండు ఊడబీకాయి. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

"వీడేంటి, మాట మధ్యలో ఉరుకుతున్నాడు?" అన్నాడు వీరన్న. "పందులకు కబురు మోసుకుపోతున్నాడా?"

"దున్నల్ని వెనక నుంచి తిప్పుకొస్తాడురోయ్, పట్టండి!" అని అరిచాడు కోరయ్య.

రెండు సేనలూ ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ నక్క వెంట పడ్డాయి. బండ దగ్గరికి రాగానే తీతమ్మ చక్కగా రెక్కలు విప్పి పైకి లేచి, అడవంతా మోగేలా అరిచింది. వెనకొచ్చినవాళ్లంతా ఆగిపోయారు. ఎదురుగా నిండు చెలమ. చెలమ పక్కన పానకాలు. పానకాలు పక్కన డెక్కా, చెవులూ.

వీరన్న ఆ డెక్కను వాసన చూశాడు. కోరయ్య చీలిన చెవిని ముట్టెతో తిప్పి చూసి, "మా చిన్నదానిది," అన్నాడు.

పానకాలు ఒక్కో అడుగూ వెనక్కి వేశాడు. "దొరా... బాబాయ్... ఒక్క మాట. ఇన్నాళ్లూ మీ మధ్య ఒక్క దెబ్బైనా పడనిచ్చానా?"

"ఇప్పుడు పడుతుంది," అన్నాడు వీరన్న.

కొమ్ము ఒక్కసారి లేచింది. నక్క బండ మీదుగా ఎగిరి అవతల ముళ్ల డొంకలో పడ్డాడు. కాలీడ్చుకుంటూ పొదల్లోకి పోతుంటే ఎవరూ వెంటపడలేదు. అప్పటికే అందరి మూతులూ నీళ్లలో ఉన్నాయి. ఆ ఒక్క గుంట ఎంతమందికి చాలుతుంది? క్షణంలో అడుగంటింది. కోరయ్య ఎవరూ చెప్పకుండానే ముట్టె ఇసకలో దించాడు. సాయంత్రానికి ఏడు చెలమలయ్యాయి. దున్నలు, సిగ్గుపడుతూనే, గుట్ట వైపు తిరిగి నిలబడ్డాయి.

మూడోనాడు మూడు గుడ్లు పగిలి మూడు పిల్లలు బయటికొచ్చాయి. చూడడానికి వీరన్న, కోరయ్య కలిసి వచ్చారు. కాసేపు అటూ ఇటూ కదిలి వీరన్న గొంతు సవరించుకున్నాడు.

"నక్క మోసం చేశాడు, నిజమే. అయినా అమ్మాయ్, మా సేన గట్టిగా నిలబడకపోయి ఉంటే, ఏ శత్రువో వచ్చి ఉంటే, ఇంకెన్ని ప్రాణాలు పోయేవో ఆలోచించు. కావాలంటే నీ పిల్లలకు కూడా పది దున్నల్ని కాపలా పెడతాను."

తీతమ్మ పల్లంలోకి వంగి, పలకని నాలుగో గుడ్డును ముక్కుతో నెట్టుకుంటూ తెచ్చి అతని డెక్కల ముందు ఉంచింది.

"దీన్ని ఏ శత్రువు చంపాడో చెప్పి, తర్వాత పెట్టు మావా."

 వీరన్న కోరయ్య వైపు చూశాడు. కోరయ్య నేల చూశాడు.  పిట్ట పిల్లల్ని వెంటేసుకుని నీళ్ల వైపు నడిచిపోయేదాకా ఇద్దరూ ఆ గుడ్డు దగ్గరే తలలు వంచుకుని నిలబడ్డారు.

నీతి: పక్కవాడితో కలిసి తవ్వుకున్న చెలమే వాడి నుంచి మనకూ, మన నుంచి వాడికీ అసలైన కాపలా.