రాయగడ బస్సు

ప్రేమను నినాదంలా అరిచి అమ్ముకునే రచయితలు వీధికొకరు ఉన్న కాలమిది. తారకేశ్ వాళ్ళలో చేరనని ఒట్టు పెట్టుకున్నవాడు. తన మొదటి నవల గౌరీపతి మాస్టారికి చదవమని ఇచ్చి, కొన్నాళ్ళు ఆగి, ఉండబట్టలేక వెళ్ళి అడిగాడు. "మాస్టారూ, నా నాయికా నాయకులు నిజంగా ప్రేమించుకుంటున్నారని ఎవరూ నమ్మడం లేదు. ఎందుకని?"

"ప్రేమించుకోవడానికి వాళ్ళకి ఖాళీ ఏదిరా? పేజీ పేజీకీ మీటింగు పెట్టేశావు," అన్నారు మాస్టారు, చెప్పుల్లో కాళ్ళు పెడుతూ. "బస్టాండుకి వెళ్తున్నాను, రా."

పార్వతీపురం బస్టాండులో ఇందుమతి గారు అప్పటికే రాయగడ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నారు. మాస్టారు తెలుగు చెప్పిన కాలేజీలోనే ఆవిడ లెక్కలు చెప్పారు. ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఊరు అడగడం కూడా మానేసింది. ఇప్పుడావిడ రిటైరై చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నారు, ఇక తిరిగి రారు. మాస్టారు చెప్పవలసినది ఏదైనా మిగిలి ఉంటే ఈ కిటికీ దగ్గరే చెప్పాలి. తారకేశ్ చెవులు రిక్కించాడు.

"మీ సామానంతా ఎక్కించారా?"

"ఎక్కించారండీ. మీరు ఎండలో నిలబడకండి."

"ఫరవాలేదు. మీ చెల్లెలు గారు బస్సు దగ్గరికి వస్తారా?"

"వస్తుందండీ. ఇక మీదట పప్పులో ఉప్పు చూసి వేసుకోండి. ఎక్కువైనా బాగుందని తినే పక్కింటివాళ్ళు ఉండరు మీకు."

మాస్టారు నవ్వారు.

తారకేశ్‌కి ఒళ్ళు మండిపోయింది. ఈ గారులూ ఈ అండీలూ ఎన్ని బతుకుల్ని మింగాయి! మర్యాదల సంకెళ్ళు తెంచనిదే మనిషికి విముక్తి లేదని అక్కడే ఉపన్యాసం మొదలుపెట్టబోయాడు. ఇంతలో బస్సు కదిలింది. మాస్టారు కిటికీ ఊచ పట్టుకుని బస్సుతో పాటు నడిచారు.

"అద్దం మూసుకో. నీకు ఈ గాలి పడదు."

ఇందుమతి గారు తెల్లబోయి ఆయన వంక చూశారు.

"ఇప్పుడా అంటావు!"

బస్సు వేగం అందుకుంది. ఊచ మాస్టారి చేతిలోంచి జారిపోయింది. బస్సు మలుపు తిరిగేదాకా మాస్టారూ తారకేశూ రోడ్డు మీదే నిలబడ్డారు.

"ప్రేమ మాటే ఎత్తలేదేం మాస్టారూ?" అన్నాడు తారకేశ్, గొంతు తగ్గించి.

మాస్టారు ఖాళీ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"నీ నవలలో వాళ్ళు మొదటి పేజీలోనే ఒకరినొకరు 'నువ్వు' అని పిలుచుకున్నారురా. అదృష్టవంతులు."