చాక్ పేరు నాదే అన్న రాజు

సముద్రాలు దాటి అవతలి ఒడ్డుకి వెళ్తే, మాయా వాళ్ళ దేశంలో, ఒకానొక రాజ్యం ఉండేదండీ. దాని పేరు యాష్‌తున్. అక్కడ నేలంతా సున్నపురాయి. పైన పారే ఏరు ఒక్కటంటే ఒక్కటి లేదు. వాన పడితే మొక్కజొన్న, పడకపోతే పస్తు. అందుకని వాళ్ళకి వానదేవుడంటే ప్రాణం. ఆయన పేరు చాక్. పొడుగాటి వంకర ముక్కు, చేతిలో రాతి గొడ్డలి. ఆ గొడ్డలితో మబ్బుని ఒక్క దెబ్బ వేశాడంటే ఉరుము, మెరుపు, వాన, అన్నీ ఒకేసారి.

అక్కడి రాజులు గద్దెనెక్కిన రోజున దేవుడి పేరు తమ పేరులో కలుపుకునేవాళ్ళు. అది ఆనవాయితీ. మన కథలో రాజుగారు తోక్ బలామ్ చాక్. తోక్ అంటే చెకుముకిరాయి, బలామ్ అంటే అక్కడి మచ్చల పులి, చివర ఉన్నది దేవుడు. ఈయనకి ముందు ఏడుగురు రాజులు అలాగే పెట్టుకున్నారు, ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. ఈయనకే వచ్చింది. నెత్తిమీద ఆకుపచ్చ ఈకల కిరీటం మూరెడుంటే, మనిషి దర్పం బారెడు.

ఒకరోజు నిండు కొలువులో ఉన్నట్టుండి అన్నాడు కదా: "చాక్ అనేది నా పేరు. అడ్డమైనవాడి నోట్లో నా పేరు నానడం ఏంటి? ఈ పూట నుంచి నన్ను పిలవడానికి తప్ప ఇంకెందుకూ ఆ పేరు ఎవ్వరూ పలకడానికి లేదు. పలికితే వాళ్ళ చేను నాది."

మరి రైతులు వానని ఏమని పిలవాలి? అడిగే ధైర్యం ఎవరికుంది చెప్పండి!

మొట్టమొదట దొరికిపోయింది ఇష్ నిక్తె. అరవై ఏళ్ళ మనిషి. భర్త పోయాక చేను తనే చేసుకుంటోంది. పొదలు నరికి, కాల్చి, చేను సిద్ధం చేసి కూర్చుంది. ఆకాశంలో మబ్బు లేదు. ఆవిడకి తిక్క రేగి చేను నడుమ నిలబడి అరిచింది: "ఏవయ్యా చాక్! చెవుడొచ్చిందా ఏంటి? విత్తనం నా ఒళ్ళోనే మొలకెత్తేట్టుంది! వస్తావా, నన్నే రమ్మంటావా?"

నలభై ఏళ్ళుగా ఆవిడ ఆ దేవుడితో అలాగే మాట్లాడుతుంది. ఆయనెప్పుడూ ఏమీ అనుకోలేదు. కానీ దారిన పోయే రాజభటులు విన్నారు. ఇంకేముంది! ఐదో రోజుకల్లా చేను కోటకి స్వాధీనం చేయాలని ఆజ్ఞ వచ్చేసింది. ఆ చేను పోతే ఆవిడకి తిండి లేదు. అంతే సంగతి.

ఆవిడ అల్లుడే మన చువెన్. కొలువులో పేర్లు రాసేవాడు. వాళ్ళ రాతంటే బొమ్మలండీ. చాక్ అని రాయాలంటే పొడుగు ముక్కు ముఖం ఒకటి గీయాలి. చువెన్ గీస్తే ఆ ముఖం ఇప్పుడే తుమ్ముతుందా అన్నట్టుండేది. తండ్రి దగ్గర నేర్చిన పని, ఆ పనంటే అతనికి మహా గర్వం.

అత్తగారు నేరుగా వచ్చి అతని ముందు చతికిలబడింది. "అల్లుడూ, నువ్వు పొద్దస్తమానం ఆ పేరే గీస్తావు, నీ వీపు తడతారు. నేను ఒక్కసారి అరిస్తే చేను లాక్కుంటారా?"

"నేను గీసేది రాజుగారి పేరు అత్తా. మీరు అరిచింది దేవుడి పేరు."

"రెండింటికీ ముఖం ఒకటే గదయ్యా!"

చువెన్ కుంచె పక్కన పెట్టేశాడు. తర్వాత లేచి, రంగు చేతులు కడుక్కుని, కోటకి వెళ్ళాడు.

"ప్రభూ, తమరి ఆజ్ఞ రాతిమీద చెక్కాలి. పొల్లు పోకూడదని అడుగుతున్నాను. చాక్ అని ఎవరు పిలిచినా, ఇక మీదట తమర్నే పిలిచినట్టా?"

"నన్నే!"

"పేదవాడు పిలిచినా?"

"ఎవడు పిలిచినా నన్నే. చాక్ అంటే నేను. చెక్కు!"

"తమర్ని పిలిస్తే తప్పు లేదు కదా?"

"నన్ను పిలిస్తే తప్పెందుకవుతుంది? అది వాళ్ళ అదృష్టం!"

కొలువంతా విన్నది. చువెన్ వంగి దండం పెట్టి బయటికొచ్చాడు. తిన్నగా చేల మీదికి పోయాడు.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. వానని పిలవడానికి వాళ్ళకో పద్ధతుంది. నాలుగు కర్రలు పాతి పందిరి వేస్తారు. కింద పదమూడు సొరబుర్రల నిండా మొక్కజొన్న గంజి పెడతారు. చుట్టూ కొందరు గొంతుక్కూర్చుని కప్పల్లా బెకబెకమంటారు. కప్పలరిస్తే చాక్ వింటాడని. చాక్ తరఫున ఒక పెద్దమనిషి పీట మీద నిలబడి, కర్ర గొడ్డలి ఊపుతూ ఉరుముతాడు. గంజి మొత్తం తాగిందాకా చాక్ పీట దిగకూడదు. చాక్ పీట మీద ఉన్నంతసేపూ కప్పలు నోరు మూయకూడదు.

మర్నాడు పొద్దున్నే రాజుగారు వచ్చి చూస్తే కోట ముంగిట్లో పందిరి! నలభై మంది రైతులు! ముందు వరసలో ఇష్ నిక్తె!

"ఏంటిది?"

"చాక్‌ని పిలుస్తున్నారు ప్రభూ," అన్నాడు చువెన్. "అంటే తమర్ని. పాపం ఎండకి చేలు మాడిపోతున్నాయి. పీట ఎక్కండి."

నలభై మంది ఒక్కసారి అందుకున్నారు: "బెక బెక బెక! చాక్! బెక బెక!"

మొదట రాజుగారికి బాగానే ఉందండోయ్. అందరి కళ్ళూ తన మీదే కదా. పీట ఎక్కాడు. గొడ్డలి ఊపి ఒక్క గర్జన చేశాడు. గోడ మీద చిలకలు లేచిపోయాయి. జనం ఆహా అన్నారు. గంజి ఇచ్చారు, తాగాడు. మళ్ళీ ఉరిమాడు. మళ్ళీ గంజి. ఎండ నెత్తికెక్కింది. ఈకలు వాలిపోయాయి. ఏడో బుర్ర దగ్గరికొచ్చేసరికి ఉరుము కాస్తా దగ్గయింది.

"దొరా," అంది ఇష్ నిక్తె, "నా చేను తూర్పున ఉంది. అటు తిరిగి కొంచెం గట్టిగా."

"ఉరిమాను కదమ్మా!"

"ఉరిమారు. తడి ఏదీ?"

రాజుగారు బుర్ర అడుగున మిగిలిన గంజి అటు విసిరాడు. మూడడుగుల దూరంలో ఒక ముసలాయన తల తడిసింది.

"మా చేనుకి ఇంకా రెండు కోసులుంది దొరా," అని ఆవిడ మళ్ళీ అందుకుంది, "బెక బెక!"

అప్పుడు రాజుగారు గొడ్డలి కింద పారేసి అరిచాడు: "చువెన్! నేను వాన కురిపించగలనా?"

కప్పలన్నీ ఠక్కున ఆగిపోయాయి. భటులు ఈటెలు బిగించి పట్టుకున్నారు. ఇష్ నిక్తె ఊపిరి బిగబట్టి అల్లుడి వంక చూసింది.

చువెన్ చెయ్యి గుండెకి అడ్డంగా పెట్టుకున్నాడు. అది వాళ్ళ దండం. "ఆ మాట తమరే అనాలి ప్రభూ. మేం అంటే తప్పు."

"అంటే నా పేరు నాది కాదంటావా?"

"తమరిదే. ఏడుగురు రాజుల పేర్లూ మా నాన్న గీసి చూపించగా చూశాను. అందరి పేర్లలోనూ చాక్ ఉన్నాడు. ఆ పేరు పెట్టుకుంటే ఎందుకంత గొప్ప? మా అత్త లాంటి వాళ్ళు వెయ్యి మంది వెయ్యి చేలల్లో గొంతు చించుకుని పిలుస్తారు కాబట్టి. రేపు ఎవ్వరూ పలకరనుకోండి. అప్పుడు తమరి పేరు చివర్న మిగిలేది పొడుగు ముక్కొకటి. దాన్ని చూసి ఎవడు దండం పెడతాడు?"

రాజుగారు ఆ నలభై మంది వంక చూశాడు. ఎండకి కమిలిన ముఖాలు. పొద్దుట్నుంచి అరిచి అరిచి గొంతులు పోయినా, ఒక్కడూ తల దించలేదు. ఈ గొంతులు తన పేరునే మోస్తున్నాయని ఆయనకి అప్పుడు తట్టింది. ముందు బొజ్జ కదిలింది. లోపల ఏడు బుర్రల గంజి ఉంది కదా, అదీ కదిలింది. తర్వాత నవ్వు. ఆగని నవ్వు! కిరీటం జారి పడిపోయినా పట్టించుకోలేదు.

"పీట దిగుతున్నాను, ఒప్పుకోండి! మిగతా ఆరు బుర్రలూ అసలాయన తాగుతాడు. ఇక ఎవరి దేవుణ్ణి వాళ్ళు ఎలా కావాలంటే అలా పిలుచుకోండి. అమ్మా, నీ చేను నీదే. కోట చేలల్లో నీ గట్టు పక్కది ఇంకొకటి కూడా కలుపుకో."

"దొర చల్లగా ఉండాలి," అంది ఇష్ నిక్తె, అప్పటికి ఊపిరి వదిలి.

"చువెన్, నీకేం కావాలి?"

"నా నోటితో నేను అడగను ప్రభూ."

"అయితే నేనే చెప్తా. నా పేరు చెక్కే రాతి మీదే, నా పేరు కింద, నీ పేరూ చెక్కుకో. రాసినవాడు చువెన్ అని. నా మనవలు చదవాలి."

ఆ దేశంలో రాతగాడికి అంతకు మించిన సన్మానం లేదండీ. పచ్చరాళ్ళు ఇచ్చినా దీని ముందు దిగదుడుపే. చువెన్ ఆ రోజే ఉలి పట్టాడు. నెలరోజులు కూర్చుని చెక్కాడు. రాయి నిలబెట్టిన రోజున అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, తన పేరు ఎక్కడుందో చూపించాడు. ఆవిడకి చదువు రాదు. వేలితో మెల్లిగా తడిమింది.

"ఇంత చిన్నగా చెక్కావేంటయ్యా? రాజుగారిది చూడు, గుమ్మడికాయంత ఉంది!"

వెనక నిలబడ్డ రాజుగారికి మళ్ళీ నవ్వు ఆగలేదు. "చువెన్, ఉలి తియ్యి," అన్నాడు. "ఆవిడ చూస్తుండగా ఇంకాస్త పెద్దది చెయ్యి!"